దావా అధికారి పేరు మీద, బిల్లు ఊరి పేరు మీద

2015లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రం రోవన్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ప్రజలు ఎన్నుకున్న క్లర్కుగా కిమ్ డేవిస్ ఉండేవారు. పెళ్ళి లైసెన్సులు ఇచ్చేది ఆమె ఆఫీసే. 2015 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు చట్టబద్ధత ఇచ్చాక, తన మతం ఒప్పుకోదంటూ ఆమె ఏ జంటకూ లైసెన్సు ఇవ్వడం మానేశారు. కోర్టు ఆదేశించినా వినలేదు. దాంతో ధిక్కారం కింద ఐదు రోజులు జైల్లో ఉండాల్సి వచ్చింది. ఆ గొడవ గురించి చాలామందికి తెలుసు. దాని తాలూకు బిల్లులు ఎవరి దగ్గరికి వెళ్ళాయన్నది మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

మొదటి బిల్లు లాయర్ల ఫీజు. లైసెన్సులు ఇప్పించమని కోర్టుకెక్కిన జంటలు గెలిచాయి కాబట్టి వాళ్ళ లాయర్లకు ఓడిన పక్షం డబ్బు కట్టాలి. ఆ మొత్తం 2 లక్షల 22 వేల డాలర్ల పైచిలుకు. డేవిస్ కట్టాలా, కౌంటీ కట్టాలా, రాష్ట్రం కట్టాలా అని ముగ్గురూ వాదించుకున్నారు. పెళ్ళి లైసెన్సు ఇచ్చేటప్పుడు క్లర్కు పనిచేసేది రాష్ట్రం తరఫునే కాబట్టి రాష్ట్రమే కట్టాలని 2019లో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. రెండో బిల్లు వేరే దావాలోది. లైసెన్సు దొరక్క అవమానపడ్డ ఒక జంట డేవిస్ మీద వ్యక్తిగతంగా నష్టపరిహారం అడిగింది. 2023 సెప్టెంబర్‌లో జ్యూరీ ఇద్దరికీ చెరో 50 వేల డాలర్లు ఇమ్మంది. కొన్ని నెలలకు జడ్జి వాళ్ళ లాయర్ల ఫీజు, ఖర్చుల కింద మరో 2,60,104 డాలర్లు కలిపారు. అంతా కలిపితే మన లెక్కలో మూడు కోట్ల రూపాయల పైమాటే. ఇది డేవిస్ సొంతంగా కట్టాల్సిన డబ్బు. సుప్రీంకోర్టు 2025 నవంబర్‌లో ఆమె పిటిషన్‌ను వినడానికి కూడా ఒప్పుకోలేదు.

మనిషీ ఒకరే, చేసిన పనీ ఒకటే. ఒక బిల్లు రాష్ట్ర ఖజానాకు వెళ్ళింది, ఇంకోటి ఇంటికొచ్చింది. ప్రభుత్వ ఉద్యోగుల మీద పడే పౌరహక్కుల దావాల్లోని చిక్కంతా ఈ తేడాలోనే ఉంది. అయితే డేవిస్ కేసును చూసి అమెరికాలో తప్పు చేసిన అధికారులు ఇలా జేబులోంచి కట్టుకుంటారని అనుకుంటే పొరపాటు. ఆమెది అరుదైన కేసు. మామూలుగా జరిగేది పూర్తిగా వేరు.

ఈ దావాలకు ఆధారం 1871లో చేసిన చట్టం. అంతర్యుద్ధం ముగిశాక దక్షిణాది రాష్ట్రాల్లో కూ క్లక్స్ క్లాన్ అనే ముఠా నల్లజాతి వారి మీద దాడులు చేస్తుంటే స్థానిక షెరీఫులు (కౌంటీ పోలీసు అధిపతులు) చూసీ చూడనట్టు ఊరుకునేవారు, కొన్నిచోట్ల చేతులు కలిపేవారు. అందుకని అమెరికా కాంగ్రెస్ ఆ చట్టం తెచ్చింది. రాష్ట్ర అధికారం చేతిలో పెట్టుకుని రాజ్యాంగ హక్కును కాలరాసిన ఏ వ్యక్తి మీదైనా ఫెడరల్ కోర్టులో దావా వేయొచ్చంది. ఇప్పుడు లాయర్లు దాన్ని ‘సెక్షన్ 1983’ అంటారు. 1983 అనేది చట్టాల సంపుటిలో సెక్షన్ నంబరు, సంవత్సరం కాదు. దావా వేసే హక్కు పౌరులకే కాదు, ఆ దేశ పరిధిలో ఉన్న ‘ఇతర వ్యక్తుల’కూ ఉందని సెక్షన్‌లోనే రాసి ఉంది. అంటే ఎఫ్-1 మీద చదువుకుంటున్న పిల్లలకైనా, హెచ్-1బీ మీద ఉన్న ఉద్యోగికైనా, మనవడిని చూసుకోవడానికి విజిటర్ వీసా మీద వెళ్ళిన అమ్మమ్మకైనా ఇది వర్తిస్తుంది. డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఉంటున్న మన వాళ్ళలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. పోలీసుల మీద కేసు వేస్తే వీసాకి ముప్పేమో అన్న టెన్షనే ఎక్కువ కనిపిస్తుంది.

చట్టం 1871దే అయినా దాదాపు తొంభై ఏళ్ళు అది నిద్రపోయింది. 1958లో షికాగోలో పదమూడు మంది పోలీసులు తెల్లవారుజామున ఒక నల్లజాతి కుటుంబం ఇంట్లోకి వారంటు లేకుండా చొరబడ్డారు. భార్యాభర్తల్ని బట్టల్లేకుండా హాల్లో నిలబెట్టి ఇల్లంతా సోదా చేశారు. ఆ కేసులో 1961లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పుతోనే ఈ సెక్షన్‌కి ప్రాణం వచ్చింది. కానీ ఆ తీర్పే ఒక మెలిక కూడా పెట్టింది. పోలీసుల మీద దావా వేసుకోవచ్చు గానీ షికాగో నగరం మీద వేయకూడదంది.

1978లో సుప్రీంకోర్టు ఆ మాటను సగం వెనక్కి తీసుకుంది. నగరం మీదా వేయొచ్చు, అయితే తన ఉద్యోగి తప్పు చేశాడన్న ఒక్క కారణంతో నగరం బాధ్యురాలు కాదు, ఆ తప్పు నగరం పెట్టుకున్న విధానం వల్లో పాతుకుపోయిన అలవాటు వల్లో జరిగిందని రుజువు చేయాలి అంది. ఆర్టీసీ డ్రైవర్ యాక్సిడెంట్ చేస్తే పరిహారం ఆర్టీసీ కడుతుంది, డ్రైవర్ నిర్లక్ష్యం రుజువైతే చాలు. అమెరికాలో హక్కుల ఉల్లంఘనకు ఆ సూత్రం పనిచేయదు. ఇక రాష్ట్ర ప్రభుత్వాల మీద నష్టపరిహారం కోసం ఈ సెక్షన్ కింద దావానే కుదరదని 1989లో తేల్చేశారు. అందుకే బాధితుడి లాయర్ ముందు అధికారి పేరే రాయాలి. కానిస్టేబులైనా, జైలు గార్డైనా, యూనివర్సిటీ డీన్ అయినా సరే. అందులోనూ ‘వ్యక్తిగత హోదాలో’ అని రాయాలి. ‘అధికారిక హోదాలో’ అని రాస్తే అది ప్రభుత్వం మీద వేసిన దావా కిందే లెక్క. డేవిస్ రెండు బిల్లులూ రెండు దారుల్లో వెళ్ళడానికి కారణం ఇదే.

సరే, దావా కానిస్టేబుల్ పేరు మీద పడింది. కోర్టు కాగితాలు ఆయన చేతికి అందాయి. ఇప్పుడు ఆయన ఏం చేస్తాడు? సొంతంగా లాయర్‌ని వెతుక్కోడు. ఆ కాగితాలు తీసుకెళ్ళి నగర న్యాయవిభాగంలో ఇచ్చి, నా తరఫున మీరు వాదించండని రాసిస్తాడు. న్యూయార్క్‌లో ఆ పని నగర కార్పొరేషన్ కౌన్సెల్ ఆఫీసుది. కాలిఫోర్నియాలో ప్రభుత్వ సంస్థ తన ఉద్యోగి తరఫున వాదించి తీరాలని చట్టమే చెబుతుంది. ఉద్యోగి ఆ పని డ్యూటీలో భాగంగా చేయలేదనో, మోసంతోనో దురుద్దేశంతోనో చేశాడనో, సంస్థకూ ఆయనకూ ప్రయోజనాలు ఎదురుపడుతున్నాయనో అనుకుంటేనే కాదనొచ్చు. అన్యాయంగా కాదంటే ఉద్యోగి సొంత లాయర్‌ని పెట్టుకుని ఆ ఖర్చు సంస్థ దగ్గరే వసూలు చేసుకోవచ్చు.

వాదించడం ఒక మెట్టు. ఓడిపోయాక వచ్చే డిక్రీ డబ్బు కట్టడం ఇంకో మెట్టు. ఈ రెండో దాన్నే ఇండెమ్నిఫికేషన్ అంటారు. అది సెక్షన్ 1983లో ఎక్కడా లేదు. రాష్ట్ర చట్టాలు, నగర ఆర్డినెన్సులు, పోలీసు యూనియన్ ఒప్పందాలు, కొన్నిచోట్ల కేవలం ఆనవాయితీ కలిసి దాన్ని తయారుచేశాయి. అందుకని ఊరికో తీరు. ఇలినాయ్‌లో స్థానిక సంస్థలు నష్టపరిహారం డిక్రీ కట్టాల్సిందే, కానీ శిక్షగా వేసే అదనపు పరిహారం మాత్రం కట్టకూడదు. కాలిఫోర్నియాలో ఆ అదనపు పరిహారాన్ని కూడా, ఉద్యోగి సదుద్దేశంతో చేశాడని పాలకవర్గం భావిస్తే, కట్టే వీలుంది. ఓ పక్క నగరాల మీద అసలు శిక్షాపూర్వక పరిహారం వేయకూడదని 1981లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రజల డబ్బు పోతుంది తప్ప తప్పు చేసినవాడికి బుద్ధి రాదని దాని తర్కం. మరో పక్క అదే పరిహారం అధికారి మీద పడితే నగరం తనంతట తాను కట్టేయొచ్చు. ముందు గుమ్మంలో ఆపినదాన్ని పెరటి దారిన రానిచ్చినట్టుంది ఈ ఏర్పాటు.

ఇంతకీ ఆచరణలో ఎవరు కడుతున్నారు? చాలాకాలం దీనికి ఊహలే తప్ప లెక్కల్లేవు. కాలిఫోర్నియా యూనివర్సిటీ లాస్ ఏంజెలెస్‌లో న్యాయశాస్త్రం బోధించే జోఆనా ష్వార్జ్ పోలీసు శాఖలకు సమాచార దరఖాస్తులు పెట్టి 2014లో ఆ లెక్క బయటికి తీశారు. 44 పెద్ద పోలీసు శాఖలు, 37 చిన్న, మధ్యస్థాయి శాఖలు, 2006 నుంచి 2011 దాకా ఆరేళ్ళు. పెద్ద శాఖల్లో బాధితులకు అనుకూలంగా ముగిసిన కేసులు 9 వేల పైన, చెల్లించిన మొత్తం 73 కోట్ల డాలర్ల పైన. అందులో పోలీసులు సొంతంగా కట్టింది 0.02 శాతం. నూటికి రెండు కాదు, పదివేలకు రెండు. వెయ్యి కేసుల్లో నాలుగింటిలో మాత్రమే ఏ అధికారైనా ఎంతో కొంత ఇచ్చాడు. ఎవరూ 25 వేల డాలర్లు దాటి కట్టలేదు. చిన్న శాఖల్లో అయితే ఒక్క డాలర్ కూడా లేదు. ఉద్యోగం ఊడినవాళ్ళ తరఫున, క్రిమినల్ కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళ తరఫున, చట్టం కట్టొద్దన్న చోట కూడా నగరాలే కట్టాయి.

2020లో మినియాపొలిస్ పోలీసుల చేతిలో చనిపోయిన నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ కేసు చూడండి. ఆయన కుటుంబం వేసిన దావాలో మినియాపొలిస్ నగరంతో పాటు నలుగురు పోలీసుల పేర్లున్నాయి. 2021 మార్చిలో నగరం 2 కోట్ల 70 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. అప్పటికి ఆ నలుగురిలో ఒకడైన డెరెక్ షావిన్ మీద హత్యానేరం విచారణకు జ్యూరీని ఎంపిక చేస్తున్నారు. క్రిమినల్ కోర్టు ఆయన్ని జైలుకు పంపింది. సివిల్ దావాలో డబ్బు మాత్రం మినియాపొలిస్ ప్రజలది.

ఇక్కడే క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ అనే రక్షణ గురించి చెప్పుకోవాలి. అధికారి ఉల్లంఘించిన హక్కు అప్పటికే ‘స్పష్టంగా స్థిరపడి’ ఉంటే తప్ప ఆయన మీద పరిహారం దావా నిలవదన్నది దీని సారం. మిస్సిసిపీలోని ఒక బస్ స్టేషన్‌లో అరెస్టయిన చర్చి ఫాదర్ల కేసులో 1967లో ఇది మొదలైంది, 1982లో ఇప్పటి రూపం వచ్చింది. దీనికి కోర్టులు చెప్పే కారణాల్లో ముఖ్యమైనది, దావా పడితే ఇల్లు వాకిలి పోతుందన్న భయంతో అధికారులు డ్యూటీ చేయడానికి జంకుతారని, మంచివాళ్ళు ఉద్యోగాల్లోకి రారని. పైన చెప్పిన లెక్క చూశాక ఈ కారణం ఎంత బలహీనమో తెలుస్తుంది. ఇల్లు పోయేదీ లేదు, వాకిలి పోయేదీ లేదు. లేని ఖర్చును తప్పించడానికి కట్టిన గోడ బాధితుడి దారికి మాత్రం నిజంగానే అడ్డం పడుతోంది. ఇమ్యూనిటీ వల్ల పూర్తిగా కొట్టేసిన దావాలు కొన్నే అయినా, దాని మీద విచారణ మధ్యలోనే అప్పీలుకు వెళ్ళే సౌకర్యం ఉంది కాబట్టి కేసులు ఏళ్ళ తరబడి సాగుతాయి. ఇన్నేళ్ళు తిరగలేక చాలామంది లాయర్లు కేసు తీసుకోవడమే మానేస్తారు. జడ్జీలకూ, ప్రాసిక్యూటర్లకూ ఇంకా పెద్ద రక్షణ ఉంది. వాళ్ళు తమ విధిలో చేసిన పనులకు అసలు పరిహారం దావానే నిలవదు.

ఇప్పుడు లాయర్ దగ్గరికి మళ్ళీ వద్దాం. జనం తక్కువగా మాట్లాడుకునేదీ, నిజానికి ఎక్కువ ప్రమాదం ఉన్నదీ ఇక్కడే. ఒకే ప్రభుత్వ లాయర్ నగరం తరఫునా కానిస్టేబుల్ తరఫునా నిలబడితే ఆయన నిజమైన క్లయింటు ఎవరు? కానిస్టేబుల్‌కు మేలు చేసే వాదన ‘నాకు ఇలాగే ట్రైనింగ్ ఇచ్చారు, పై అధికారులు చేయమన్నదే చేశాను’ అన్నది. అది గెలిస్తే నగర విధానం దోషి అవుతుంది. నగరానికి మేలు చేసే వాదన ‘మా రూల్స్ బాగానే ఉన్నాయి, ఇతనే దారి తప్పాడు’ అన్నది. రెండూ ఒకే నోటితో చెప్పడం కుదరదు.

న్యూయార్క్ రాష్ట్రం సఫోక్ కౌంటీలో 1980ల మొదట్లో జరిగిన ఒక కేసులో ఇది కళ్ళకు కట్టినట్టు కనబడింది. ఒక పోలీసు అధికారి తన భార్య వేరే వ్యక్తితో కారులో ఉండగా చూశాడు. అతను ఆమెతో అసభ్యంగా ప్రవర్తిస్తున్నాడని అనుకుని చితకబాదాడు. బాధితుడు అధికారి మీదా కౌంటీ మీదా దావా వేశాడు. ఇద్దరి తరఫునా కౌంటీ లాయరే వచ్చాడు. అధికారికి మేలు చేయాలంటే, ఒక నేరం జరుగుతోందనుకుని డ్యూటీలో భాగంగా అడ్డుకున్నాడని చెప్పాలి. ఆ లాయర్ జ్యూరీ ముందు చెప్పిందేమిటంటే, ఈయన పోలీసుగా కొట్టలేదు, కోపమొచ్చిన మొగుడిగా కొట్టాడు అని. ఆ మాటతో కౌంటీ బయటపడింది. పరిహారం మొత్తం అధికారి నెత్తిన పడింది. సొంత లాయరే తన క్లయింటును ముంచాడన్నమాట. 1984లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసి మళ్ళీ విచారణ చేయమంది. ఇలాంటి దావా వచ్చిన వెంటనే ప్రయోజనాల వైరుధ్యం సంగతి అధికారికి విడమరిచి చెప్పాల్సిందేనని, జడ్జి కూడా కనిపెట్టి ఉండాలని స్పష్టం చేసింది.

ఆ తర్వాత నగరాలు జాగ్రత్తపడ్డాయి. కొన్ని వేరే లాయర్‌ని పెట్టి ఫీజు తామే ఇస్తాయి. కొన్ని ‘ఇప్పటికి మీ తరఫున వాదిస్తాం, తర్వాత మీరు డ్యూటీలో లేరని తేలితే డిక్రీ డబ్బు కట్టే బాధ్యత మాకు లేదు’ అని ముందే ఒక లేఖ చేతిలో పెడతాయి. ఆ లేఖ అందుకున్న కానిస్టేబుల్‌కు నిద్రపట్టదు. రాజీకి వచ్చిన బాధితుడికీ అదే లేఖ చూపిస్తారు. ‘చివరికి డిక్రీ వచ్చినా మేం కట్టకపోవచ్చు, ఇతని దగ్గర ఏముంది, ఇచ్చింది పుచ్చుకోండి’ అని. ఎప్పుడో ఒకసారి నిజంగానే చేతులెత్తేస్తారు. 2011 సెప్టెంబర్‌లో ‘ఆక్యుపై వాల్ స్ట్రీట్’ నిరసనల్లో ఆంథొనీ బలోనియా అనే న్యూయార్క్ పోలీసు ఉన్నతాధికారి బారికేడ్ వెనక నిలబడ్డ మహిళల మీద పెప్పర్ స్ప్రే కొట్టిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. శాఖ ఆయనకు పది రోజుల సెలవులు కోసింది. శాఖ నిబంధనలే ఆయన ఉల్లంఘించాడు కాబట్టి దావాలో ఆయన తరఫున వాదించబోమని 2012లో నగర న్యాయవిభాగం తేల్చిచెప్పింది. వీడియో అంతగా పాకకపోయి ఉంటే ఇదే నిర్ణయం వచ్చేదా అన్న అనుమానం రాక మానదు.

అధికారి కట్టకపోతే బాధితుడికి ఏమవుతుందో క్లీవ్‌ల్యాండ్ చూపించింది. చేయని హత్యకు పదేళ్ళకు పైగా జైల్లో ఉన్న ఒక వ్యక్తి బయటికొచ్చాక ఇద్దరు డిటెక్టివ్‌ల మీద గెలిచాడు. 2013లో జ్యూరీ 1 కోటి 32 లక్షల డాలర్లు ఇమ్మంది. ఉద్యోగి డ్యూటీలో, సదుద్దేశంతో చేసిన పనికి డిక్రీ పడితే స్థానిక సంస్థ కట్టాలని ఒహాయో చట్టం అంటుంది. నగరం కట్టలేదు. పైగా ఆ డిటెక్టివ్‌లలో ఒకరికి దివాలా పిటిషన్ వేసే లాయర్‌ని తానే కుదిర్చి ఫీజు కూడా తానే ఇచ్చింది. దివాలాతో ఆమె అప్పు మాఫీ అయిపోయింది. బాధితుడు నగరం మీద కోర్టుకెళ్ళాడు. 2020లో ఒహాయో సుప్రీంకోర్టు ఏమందంటే, ఇండెమ్నిఫికేషన్ అడిగే హక్కు చట్టం ఉద్యోగికి ఇచ్చింది, బాధితుడికి ఇవ్వలేదు, కాబట్టి బాధితుడు అడగలేడు. అడగాల్సిన ఉద్యోగి దివాలా తీసి ఇంటికెళ్ళారు, ఇక అడిగేవారు లేరు. న్యాయశాస్త్రంలో తప్పు పట్టలేని వాక్యాలు కొన్ని న్యాయానికి ఎంత దూరంగా ఉంటాయో చెప్పడానికి ఈ ఒక్క తీర్పు చాలు.

ఈ కేసు వల్లే ‘అధికారుల జేబులోంచే కట్టించాలి’ అనే వాదన అంత తేలిగ్గా ఒప్పుకోవడానికి లేదు. వినడానికి బాగుంటుంది. కానీ కానిస్టేబుల్ జీతం మీద, తాకట్టులో ఉన్న ఇంటి మీద కోటి డాలర్ల డిక్రీ వేస్తే బాధితుడి చేతికి వచ్చేది కాగితమే. నగరం కట్టడంలో తప్పులేదు, కట్టాలి కూడా. తప్పెక్కడుందంటే, కట్టాలా వద్దా అన్న నిర్ణయం కేసు చివర్లో, నగరం ఇష్టాన్ని బట్టి ఉండటంలో ఉంది. కట్టిన బిల్లు పోలీసు శాఖ దాకా చేరకపోవడంలో ఉంది. పెద్ద నగరాల్లో ఈ డబ్బు చాలాచోట్ల పోలీసు బడ్జెట్‌లోంచి రాదు, నగర సాధారణ నిధిలోంచి వస్తుంది. షికాగో ఇలాంటి చెల్లింపులకు బాండ్లు జారీ చేసి అప్పులు కూడా చేసింది. పోలీసు కమిషనర్‌కు మాత్రం మరుసటి ఏడాది బడ్జెట్‌లో ఒక్క జీపు కూడా తగ్గదు.

చిన్న ఊళ్ళలో కథ మారుతుంది. అవి ఇన్సూరెన్స్ మీద ఆధారపడతాయి. ఇన్సూరెన్స్ వాళ్ళు నగర కౌన్సిల్ సభ్యుల్లా మొహమాటపడరు. క్లెయిములు పెరిగితే ప్రీమియం పెంచుతారు, ట్రైనింగ్ మార్చమంటారు, ఫలానా అధికారిని పెట్టుకుంటే పాలసీ ఇవ్వబోమంటారు. లాస్ ఏంజెలెస్ పక్కనున్న మేవుడ్ అనే చిన్న నగరం క్లెయిములు భరించలేని స్థాయికి వెళ్ళి 2010లో ఇన్సూరెన్స్ పోగొట్టుకుంది. పోలీసు శాఖనే ఎత్తేసి కౌంటీ షెరీఫుతో ఒప్పందం చేసుకుంది. కోర్టు తీర్పులు, నిరసనలు, వార్తాకథనాలు చేయలేని పని పాలసీ రద్దు నోటీసు చేసింది.

ఇమిగ్రేషన్ అధికారుల సంగతి వేరు, అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకు ఇది తెలిసి ఉండటం మంచిది. సెక్షన్ 1983 రాష్ట్ర, స్థానిక అధికారులకే వర్తిస్తుంది. ఐస్ (ఐసీఈ, ఇమిగ్రేషన్ చట్టాలు అమలుచేసే సంస్థ), బోర్డర్ పెట్రోల్, ఎఫ్‌బీఐ ఫెడరల్ సంస్థలు, అంటే కేంద్ర ప్రభుత్వానివి. వాటి ఉద్యోగుల మీద దావాకు 1971లో సుప్రీంకోర్టు ఒక దారి తెరిచింది. ఆ తర్వాత అదే కోర్టు ఆ దారిని ఇరుకు చేసుకుంటూ వచ్చి 2022లో దాదాపు మూసేసింది. మిగిలిన మార్గం 1946 నాటి చట్టం కింద కేంద్ర ప్రభుత్వం మీద నేరుగా క్లెయిమ్ వేయడం. అందులో జ్యూరీ ఉండదు. ఫెడరల్ ఉద్యోగి మీద వ్యక్తిగత దావా పడితే న్యాయశాఖ లాయర్ వస్తాడు, కానీ ఆ పని డ్యూటీలో చేసిందని, ఆయన్ని కాపాడటం దేశ ప్రయోజనమని శాఖ అనుకుంటేనే. డిక్రీ డబ్బు కట్టడం పూర్తిగా శాఖ విచక్షణ. అందుకే చాలామంది ఫెడరల్ అధికారులు సొంతంగా లయబిలిటీ ఇన్సూరెన్స్ తీసుకుంటారు. చట్టాన్ని అమలుచేసే ఉద్యోగులకు ఆ ప్రీమియంలో సగం వరకు ప్రభుత్వమే తిరిగి ఇస్తుంది.

మన దగ్గర ఇదంతా తలకిందులుగా ఉంటుంది. 1977 మే నెలలో ఒక రాత్రి కోవెలకుంట్ల సబ్‌జైల్లో ఉన్న తండ్రీకొడుకుల మీద ప్రత్యర్థులు బాంబులు వేశారు. తండ్రి చనిపోయాడు, కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి గాయాలతో బయటపడ్డారు. తర్వాత ఎమ్మెల్యే అయింది ఆయనే. ప్రాణహాని ఉందని ముందే చెప్పినా కాపలా పెట్టలేదని ఆయన రాష్ట్ర ప్రభుత్వం మీద దావా వేశారు. జైలు నడపడం సార్వభౌమ విధి (ప్రభుత్వం మాత్రమే చేయగల పని), దానికి పరిహారం అడగకూడదని ప్రభుత్వం వాదించింది. పోలీసుల స్వాధీనంలో ఉన్న బంగారంతో హెడ్ కానిస్టేబుల్ పాకిస్తాన్ పారిపోయినా ప్రభుత్వానిది బాధ్యత కాదన్న సుప్రీంకోర్టు 1964 నాటి తీర్పు దానికి అండ. హైకోర్టు ఆ వాదన తోసిపుచ్చి 1,44,000 రూపాయలు ఇమ్మంది. జీవించే హక్కు ముందు సార్వభౌమ రక్షణ చెల్లదంటూ సుప్రీంకోర్టు 2000లో దాన్ని ఖాయం చేసింది. బాంబు పడ్డ ఇరవై మూడేళ్ళకు! కట్టింది రాష్ట్రం. కాపలా పెట్టని అధికారుల జేబు ఊసు ఆ డిక్రీలో లేదు.

అంటే అమెరికాలో దావా అధికారి పేరు మీద వేసి డబ్బు సర్కారు దగ్గర తీసుకుంటారు. ఇక్కడ దావా గానీ రిట్ గానీ సర్కారు పేరు మీదే పడుతుంది, గవర్నమెంట్ ప్లీడర్ కౌంటర్ వేస్తాడు, అధికారి పేరు మెల్లగా ఫైల్లో కలిసిపోతుంది. బాధ్యులైన ఉద్యోగుల దగ్గర వసూలు చేయండని 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బుల్డోజర్ కూల్చివేతల మీద 2024 నవంబర్‌లో ఇచ్చిన తీర్పులో నిబంధనలు ఉల్లంఘించిన అధికారులే సొంత ఖర్చుతో కట్టించి ఇవ్వాలని అంది. వసూలు చేయాల్సింది మళ్ళీ ఆ శాఖే.

అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఇప్పుడిప్పుడే కొత్త పద్ధతులు ప్రయత్నిస్తున్నాయి. ఫ్లాయిడ్ మరణం తర్వాత 2020 జూన్‌లో కొలరాడో తెచ్చిన చట్టం ప్రకారం, రాష్ట్ర రాజ్యాంగ హక్కుల దావాలో క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ చెల్లదు. అధికారి సదుద్దేశంతో చేయలేదని తేలితే డిక్రీలో 5 శాతం లేదా 25 వేల డాలర్లు, ఏది తక్కువైతే అది సొంతంగా కట్టాలి. చూడటానికి పదునుగానే ఉంది. కానీ సదుద్దేశం ఉందో లేదో తేల్చేది ఆయన్ని ఉద్యోగంలో పెట్టుకున్న సంస్థే. లేదని తేల్చినా అధికారి కట్టలేకపోతే ఆ వాటా కూడా సంస్థ గానీ దాని ఇన్సూరెన్స్ గానీ కట్టాలి.

న్యూ మెక్సికో 2021లో వేరే దారి పట్టింది. అక్కడి పౌరహక్కుల చట్టం కింద దావా అధికారి మీద వేయనే వేయరు, నేరుగా ప్రభుత్వ సంస్థ మీదే వేస్తారు. క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ వాదనకు తావు లేదు, పరిహారానికి మొదట 20 లక్షల డాలర్ల పరిమితి పెట్టారు. కట్టిన ప్రతి డిక్రీకీ ప్రతి రాజీకీ సంస్థ రికార్డు ఉంచాలి, ఎవరడిగినా చూపించాలి. డబ్బు ఎవరిదో దావా కూడా వాళ్ళ పేరు మీదే ఉండాలన్నది దాని పద్ధతి. అయితే అది రాష్ట్ర రాజ్యాంగం ఇచ్చిన హక్కులకే వర్తిస్తుంది. ఫెడరల్ హక్కు కోసం ఆల్బకర్కీలో ఇవాళ దావా వేసే లాయర్ ఇప్పటికీ సెక్షన్ 1983 కింద కానిస్టేబుల్ పేరు రాసి, పక్కన ‘వ్యక్తిగత హోదాలో’ అని చేర్చాల్సిందే.